వెనకొచ్చిన కొమ్ములు

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం కదా, భారత్, చైనాల రైలు కథ అచ్చం అలాంటిదే. బోరీబందర్ నుంచి ఠాణాకు మన తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న కదిలింది. చైనాలో షాంఘై నుంచి వూసాంగ్ వైపు రైలు నడిచింది 1876లో. మరుసటి ఏడాదే అక్కడి సర్కారు ఆ లైనును కొనేసి పట్టాలు పీకించేసింది! మామూలు రోడ్డుకని చెప్పి విదేశీ వర్తకులు పట్టాలు వేశారన్నది దాని కోపం.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనకు దాదాపు 54 వేల కిలోమీటర్ల రైలుదారి ఉంది. 1949లో చైనాకున్నది అందులో సగం కూడా కాదు. ఇప్పుడు మనది సుమారు 69 వేలు, వాళ్ళది లక్షా 60 వేలకు పైనే. అందులో హైస్పీడ్ లైన్లే 45 వేలు దాటాయి.

మన పట్టాల మధ్య ఎడం ఐదున్నర అడుగులు, అంటే 1,676 మిల్లీమీటర్లు. చైనాది 1,435. మన ముంబయి-అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు వేస్తున్నదీ ఆ 1,435 కొలతే.

2006లో తెరిచిన లాసా రైలుదారిని కట్టేటప్పుడు చైనాకు ఎదురైన పెద్ద చిక్కు నేల. గడ్డకట్టిన నేల కరిగిందా, కట్ట కుంగుతుంది. అందుకని పట్టాల పక్కన అమ్మోనియా నింపిన ఇనుప గొట్టాలను పైభాగం బయటికి ఉండేలా పాతారు. చలికాలంలో నేలలోని వేడికి అమ్మోనియా ఆవిరై పైకి లేస్తుంది, చల్లగాలి తగిలి మళ్ళీ ద్రవమై కిందికి జారుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు, బావిలో నీళ్ళు తోడినట్టు నేల వేడిని తోడి పారబోస్తూనే ఉంటుంది. ఎంత చక్కని ఆలోచన!

ఏది కట్టాలన్నా ముందు భూమి కావాలి. చైనాలో పట్టణ భూమి సర్కారుది, పల్లె భూమి సమష్టి ఆస్తి. మన 2013 చట్టం ప్రకారం ప్రైవేటు ప్రాజెక్టుకు భూమి సేకరించాలంటే, కోల్పోయేవాళ్ళలో 80 శాతం మంది ఒప్పుకోవాలి. పనులు ఆలస్యమవుతాయి, నిజమే. అయినా పొలం పోయే రైతును అడగడానికి పట్టిన కాలాన్ని నేను దండగ కింద రాయలేను.

చైనాలోని గుయ్‌జౌలో 2025 సెప్టెంబరులో తెరిచిన హువాజియాంగ్ రోడ్డు వంతెన నదికి 625 మీటర్ల ఎత్తున ఉంది. రెండు గంటల దారి రెండు నిమిషాలైంది. పేద రాష్ట్రం, నెత్తిన అప్పులూ ఎక్కువే.

కశ్మీర్ రైలుదారిలో మన చీనాబ్ వంతెన ఎత్తు 359 మీటర్లు. దాని పునాదుల కింది రాతి సంగతి 17 ఏళ్ళు చూసింది మన ప్రకాశం జిల్లా ఆడబిడ్డ, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ జి. మాధవీలత. తవ్వేకొద్దీ కొండలో ముందు కనబడని పగుళ్ళు, బోలు గుంతలు బయటపడేవి. బయటపడ్డ రాతిని బట్టి అప్పటికప్పుడు డిజైను మార్చుకుంటూ, వాలులోకి ఉక్కు కడ్డీలు దించి కొండను కుట్టుకుంటూ వచ్చారు. రెండు ఒడ్డుల నుంచీ చాచుకుంటూ వచ్చిన ఉక్కు తోరణం 2021 ఏప్రిల్ 5న నది మీద కలిసింది.