కారు బ్యాటరీ: మార్చే ముందు మూడు పరీక్షలు

సరిహద్దు గ్రామాలలో అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చినా, పాము కరిచినా పట్టణపు ఆసుపత్రికి చేర్చేది వీధిలో ఎవరో ఒకరి ఇంటి ముందున్న కారే. ఆ సమయాన తాళం తిప్పగానే ‘టిక్ టిక్’ మని ఇంజను ఊరకుంటే కలిగే నష్టం ఇంతింత కాదు. బ్యాటరీ చెడిపోయే ముందు సాధారణంగా కొన్ని సూచనలిస్తుంది. వాటిని గుర్తించగలిగితే ఆపదనూ, అనవసరపు ఖర్చునూ తప్పించుకోవచ్చును.

కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గదిలో సీసపు పలకలు, గంధకామ్లం కలిసి సుమారు 2.1 వోల్టుల విద్యుత్తునిస్తాయి. బ్యాటరీ చాలాకాలం చార్జి లేక పడి ఉంటే పలకలపై సీసపు లవణం గట్టిపడి శక్తి తగ్గుతుంది. వేడి ఎక్కువైనకొద్దీ పలకలు త్వరగా తినివేయబడతాయి, నీరు ఇంకిపోతుంది. కనుకనే బళ్ళారి, రాయచూరు వంటి ఎండ ప్రాంతాలలో బ్యాటరీల ఆయువు తక్కువ. మూడేళ్ళు దాటిన బ్యాటరీని ఏటా వేసవికి ముందు పరీక్షించుకోవడం మంచిది.

ముందుగా టెర్మినళ్ళను చూడాలి. వాటిపై తెల్లగా గానీ పచ్చగా గానీ పొడి పేరుకున్నా, బిగింపు వదులైనా మంచి బ్యాటరీ కూడా పని చేయదు. బ్యాటరీ తీగలు విప్పి, తినే సోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన పిమ్మట బిగించాలి. ఆ సోడా నీరు బ్యాటరీ మూతలలోకి పోరాదు. ఇంతమాత్రానికే సరిపోయే సందర్భాలు అనేకం.

పిదప కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరును డి.సి. 20 వోల్టుల స్థానంలో ఉంచి మూడు పరీక్షలు చేయాలి.

మొదటిది: రాత్రంతా ఆగి ఉన్న కారులో ఉదయం కొలవాలి. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. ఖాళీ అయినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. ముందు చార్జి చేయించాలి.

రెండవది: నిండుగా చార్జి అయిన బ్యాటరీతో సెల్ఫ్ కొట్టుతుండగా మరొకరు మీటరు చూడాలి. 9.6 వోల్టుల కన్నా దిగితే బ్యాటరీ బలహీనపడినట్టే.

మూడవది: ఇంజను నడుస్తుండగా కొలవాలి. సాధారణంగా 13.5 నుండి 14.7 వరకు చూపాలి. 13 కూడా దాటకపోతే దోషం డైనమోలో గానీ దాని తీగలలో గానీ ఉండవచ్చును. అట్టి కారులో కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజులకే ఖాళీ అవుతుంది. కొన్ని కొత్త కార్లలో ఈ వోల్టేజీ తనంతట తానే తగ్గి పెరుగుతుంది గనుక మెకానిక్కును అడిగి నిర్ణయించుకోవాలి.

బ్యాటరీ మార్చవలసి వస్తే ఇంజను ఆపి, తాళం తీసి, ఉంగరాలు, గాజులు, గడియారం విప్పి పక్కన పెట్టాలి. బ్యాటరీ నుండి మండే వాయువు వెలువడుతుంది కనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. ముందుగా మైనస్ తీగనే విప్పాలి. ప్లస్ తీగ ముందు విప్పబోతే పానా కారు ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. కొత్తది బిగించేటప్పుడు ఇందుకు తలకిందులుగా ప్లస్ ముందు, మైనస్ తరువాత. దుకాణం బోర్డు కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా ఈ రెండు గుర్తులు ఒక్కటే. కొత్త బ్యాటరీ సామర్థ్యం, పరిమాణం, టెర్మినళ్ళ దిక్కు పాతదానితో సరిపోవాలి. సిగ్నలు వద్ద ఇంజను తనంతట ఆగే కార్లకు వేరు రకం బ్యాటరీ అవసరం. వాటిని మెకానిక్కుకే అప్పగించాలి.

ఆమ్లం చర్మంపై గానీ కంటిలో గానీ పడితే వెంటనే ధారాళంగా నీటితో కనీసం పావుగంట కడగాలి. కంటిలో పడితే ఆపై వైద్యునికి చూపించి తీరాలి.

పాత బ్యాటరీని పగులగొట్టరాదు, ఆమ్లాన్ని కాలువలో పోయరాదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమావళి ప్రకారం వాడిన బ్యాటరీని గృహవ్యర్థాలలో కలపక, సేకరణకు అప్పగించడం వాడకందారు బాధ్యత. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా. బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు అడిగి తీసుకుని, కొన్న తేదీని బ్యాటరీపై రాసి ఉంచితే తరువాతి వేసవికి లెక్క చూసుకోవడం సులభమవుతుంది.