చప్పుడు తగ్గించే పనికీ కొలువుంది!

2024 సెప్టెంబరు తొలి రోజులు. ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చింది. రేపల్లె, కొల్లూరు, భట్టిప్రోలు మండలాల్లోని లంక గ్రామాలు నీళ్లలో చిక్కుకున్నాయి. ఇలాంటప్పుడు పడవ ఎంతవరకు వెళ్తుంది? నీళ్లున్నంత వరకు. ఆ తర్వాత బురద, అరటి తోట, కరకట్ట ఎదురొస్తాయి. మరి ట్రాక్టర్? చక్రాలు మునగనంత వరకే. ఈ రెండూ ఆగిపోయే చోట పనికొచ్చేది నేల మీదా, నీళ్లలోనూ నడిచే ఉభయచర వాహనం.

అయితే దానికో పెద్ద లోపం ఉంది. విపరీతమైన మోత! డాబా మీద చిక్కుకున్న మనిషి గట్టిగా అరిస్తే మీటరు దూరంలో 90 డెసిబెల్స్ వినిపిస్తుందనుకుందాం. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 64 మీటర్ల దూరంలోకి వచ్చేసరికి 54 మాత్రమే మిగులుతుంది. పక్కనే ఇంజిన్ 90 డెసిబెల్స్‌తో మోగుతుంటే ఆ కేక ఎవరికి వినిపిస్తుంది? పోనీ ఇంజిన్ ఆపి చెవి పెడదామంటే ప్రవాహం వాహనాన్ని లాగేస్తుంది. కాబట్టి ఇక్కడ శబ్దం తగ్గించడమంటే ప్రయాణం హాయిగా ఉండటం కోసం మాత్రమే కాదు, ప్రాణాలు కాపాడటం కోసం కూడా.

ఈ పని చేసే ఇంజినీర్లకు పరిశ్రమలో ఓ ప్రత్యేక విభాగమే ఉంది. దాని పేరు ఎన్‌వీహెచ్. నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్ అన్న మూడు మాటలకు పొట్టి పేరు. క్యాంపస్‌లో పెద్దగా వినిపించని ఈ రంగంలోకి తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లు ఎలా అడుగు పెట్టవచ్చో చూద్దాం.

ఎలాంటి వాహనాలివి?

చిన్నవాటిలో పేరున్నది కెనడాకు చెందిన ఆర్గో. 1967 నుంచి తయారవుతోంది. ఆరు లేదా ఎనిమిది చక్రాలు, ప్లాస్టిక్ తొట్టి లాంటి బాడీ ఉంటాయి. నీళ్లలో టైర్లే తెడ్లలా పనిచేస్తాయి. మన సైన్యం దగ్గర జేఎస్‌డబ్ల్యూ గెకో సరఫరా చేసిన అటార్ ఎన్1200 వాహనాలున్నాయి. 2025 ఆగస్టు పంజాబ్ వరదల్లో అమృత్‌సర్ ప్రాంతంలో వాటిని సహాయ చర్యలకు దించారు.

ఇంకా పెద్దది మన తెలుగు నేల మీదే తయారవుతోంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బీఎంపీ-2 'శరత్' వాహనాలను తయారుచేస్తుంది. సుమారు 300 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్‌తో నడిచే ఈ యుద్ధ వాహనం ముందు పలకను పైకి లేపి, ట్రాకులు తిప్పుకుంటూ నది దాటేస్తుంది.

మూడు కోరికల తగాదా

మామూలు కారులో శబ్దం తగ్గించడం కొంత తేలికే. ఉభయచర వాహనంలో మూడు కోరికలు ఒకదానితో ఒకటి తగువు పడతాయి. లోపలికి నీళ్లు రాకూడదు. ఇంజిన్ వేడి బయటికి పోవాలి. మోత మాత్రం బయటికి రాకూడదు.

గాలి కోసం రంధ్రాలు పెడితే అదే దారిలో శబ్దం కూడా వచ్చేస్తుంది. ఎంతంటే, ఇంజిన్ చుట్టూ ఎంత మంచి పెట్టె కట్టినా దాని ఉపరితలంలో 1 శాతం ఖాళీ ఉంటే శబ్దం 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. 10 శాతం ఖాళీ ఉంటే 10 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. పోనీ అన్నీ మూసేస్తే? ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. బరువైన పలకలు బిగిద్దామా? పలక బరువు రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెల్స్ లాభం వస్తుంది నిజమే. కానీ అదనంగా చేరిన ప్రతి కిలో బరువుకూ వాహనం మరో లీటరు నీటిని పక్కకు నెట్టాలి. అంటే ఇంకాస్త మునగాలి.

ఇంటర్వ్యూలో 'శబ్దం ఎలా తగ్గిస్తారు?' అని అడిగితే చాలామంది 'పెద్ద సైలెన్సర్ పెడతాం' అని ఊరుకుంటారు. ఈ తగాదా గురించి రెండు మాటలు చెప్పగలిగితే మీరు మిగతావారి కంటే ఒక మెట్టు పైనుంటారు.

ముందు ఏది పట్టుకోవాలి?

డెసిబెల్స్‌ను మామూలు అంకెల్లా కూడకూడదు. ఒక ఉదాహరణ చూడండి. ఓ వాహనంలో ఎగ్జాస్ట్ మోత 95, గాలి పీల్చుకునే చోట 85, ఫ్యాన్ దగ్గర 80 డెసిబెల్స్ అనుకుందాం. మూడూ కలిస్తే వచ్చేది దాదాపు 95.5 మాత్రమే. ఇప్పుడు ఎంతో కష్టపడి, ఖర్చు పెట్టి గాలి పీల్చే చోట శబ్దాన్ని పూర్తిగా మాయం చేశారు. మొత్తం ఎంతకు తగ్గింది? 95.1కి. ఎవరి చెవికీ తేడా తెలియదు! అదే ఎగ్జాస్ట్‌ను 80కి తెస్తే మొత్తం 87కు దిగుతుంది.

అందుకే ఈ రంగంలో మొదటి పని కొలవడం. ఏ భాగం నుంచి ఎంత వస్తోందో వరుస కట్టి, అన్నిటికన్నా పెద్దదాన్ని ముందు పట్టుకోవాలి. దాన్ని తగ్గించాక మళ్లీ కొలవాలి, ఎందుకంటే అప్పుడు పెద్దది మరొకటి అవుతుంది.

దేనికి ఏ మందు?

ఎగ్జాస్ట్: నాలుగు స్ట్రోకుల సింగిల్ సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిమిషానికి 3600 చుట్లు తిరిగితే సెకనుకు 30 పేలుళ్లు, అంటే 30 హెర్ట్జ్. ఒక శబ్దాన్ని దాని తరంగంలో నాలుగో వంతు పొడవుండే పక్క గొట్టంతో చంపవచ్చు. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ పొగలో ధ్వని వేగం సెకనుకు 520 మీటర్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన 30 హెర్ట్జ్‌కు కావాల్సిన గొట్టం 4.3 మీటర్లు! చిన్న ఆర్గో వాహనం పొడవే సుమారు 3 మీటర్లు. అదే 240 హెర్ట్జ్‌కు అర మీటరు పైచిలుకు చాలు. 'గుడుగుడు' మనే లోతు మోత అంత తేలిగ్గా ఎందుకు పోదో ఇప్పుడర్థమైందా? దానికి గదులున్న మఫ్లర్, తగినంత ఘనపరిమాణం కావాలి.

పొగ గొట్టాన్ని నీళ్లలో ముంచేస్తే సరిపోదా అన్న ఆలోచన రావచ్చు. మోత తగ్గుతుంది గానీ బ్యాక్ ప్రెషర్ పెరుగుతుంది. ఇంజిన్ ఆగితే నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి ఎక్కే ప్రమాదమూ ఉంది. నీటిని కుదించలేం కదా, మళ్లీ స్టార్ట్ చేయబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మౌంట్లు: ఇంజిన్ అదురు పల్చటి బాడీకి పాకితే ఆ తొట్టి మొత్తం డప్పులా మోగుతుంది. రబ్బరు మౌంట్లు దీన్ని ఆపుతాయి. అయితే ఒక షరతు ఉంది. ఇంజిన్ అదురు పౌనఃపున్యం, మౌంట్ సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటితేనే మౌంట్ పనిచేయడం మొదలవుతుంది. అందుకని మరీ మెత్తటివి పెడితే గతుకుల్లో ఇంజిన్ ఊగి బెల్టు వరస తప్పుతుంది.

పెట్టె, దారి: గాలి దారిని నేరుగా కాకుండా మలుపులు తిప్పి, లోపల శబ్దం పీల్చే పొర వేస్తారు. ఆ పొర మామూలు స్పాంజ్ అయితే నీళ్లూ, ఆయిలూ తాగేస్తుంది. ఆయిల్ పీల్చిన స్పాంజ్ అంటుకునే ప్రమాదం ఉంది. కాబట్టి పైన పల్చటి ఫిల్మ్ ఉన్న, మంటను తట్టుకునే రకం వాడాలి. వీలైతే గాలితో చల్లబడే ఇంజిన్ బదులు నీటితో చల్లబడేది ఎంచుకుంటే మేలు. సిలిండర్ చుట్టూ ఉన్న నీరు కూడా కొంత మోతను మింగేస్తుంది.

ల్యాబ్ మన ఊళ్లోనే ఉంది

మా దగ్గర ఉభయచర వాహనం ఎక్కడుంది అంటారా? దానికి దగ్గర చుట్టాలు మీ చుట్టూనే ఉన్నాయి. తెనాలి చుట్టుపక్కల కాలువ గట్ల మీద ఆయిల్ ఇంజిన్లు, బాపట్ల పొలాల్లో కేజ్ వీల్స్‌తో దమ్ము చేసే ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, రేపల్లెకు దిగువన నిజాంపట్నం హార్బర్‌లో డీజిల్ బోట్లు. నీళ్లు, బురద, డీజిల్ మోత అన్నీ ఇక్కడే దొరుకుతాయి. వాటిని నడిపేవాళ్ల చెవులు కూడా ప్రమాదంలోనే ఉన్నాయి. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు ఉంది. పొలంలో, పడవలో ఆ లెక్క చూసే నాథుడు లేడు. పెద్ద మోత వల్ల పోయిన వినికిడి మళ్లీ తిరిగి రాదు.

యజమాని అనుమతి తీసుకుని ఒక ఆయిల్ ఇంజిన్‌తో మొదలుపెట్టండి. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ మీ ఫోన్‌ను చిన్న కొలత పరికరంగా మారుస్తుంది. ఎగ్జాస్ట్ వైపు, గాలి పీల్చే వైపు, ఫ్యాన్ వైపు మీటరు దూరంలో, ఒకే వేగం దగ్గర మూడేసి సార్లు కొలవండి. ఇంజిన్ ఆపి చుట్టుపక్కల శబ్దం కూడా కొలవాలి. అది కనీసం 10 డెసిబెల్స్ తక్కువ ఉంటేనే మీ లెక్క నమ్మదగింది. తర్వాత స్పెక్ట్రమ్ చూడండి. 1500 చుట్ల సింగిల్ సిలిండర్ ఇంజిన్‌కు పేలుడు పౌనఃపున్యం 12.5 హెర్ట్జ్. ఫోన్ మైక్ దాన్ని సరిగ్గా పట్టకపోవచ్చు గానీ 50, 62.5, 75 హెర్ట్జ్ లాంటి గుణకాల దగ్గర శిఖరాలు కనిపిస్తాయేమో వెతకండి.

కొన్ని జాగ్రత్తలు. ఫోన్ అంకెలను పోలికకే వాడండి, అసలు విలువలుగా చెప్పొద్దు. ఫోన్‌ను ఇంజిన్‌కు కట్టకండి, అదురుకు కెమెరా పాడవుతుంది. తిరిగే బెల్టుకు దూరంగా ఉండండి. చెవుల్లో ప్లగ్స్ మరవొద్దు.

ఉద్యోగాలు ఎక్కడ?

ఉన్న మాట చెప్పుకోవాలి. ఫ్రెషర్‌కు నేరుగా 'ఎన్‌వీహెచ్ ఇంజినీర్' పోస్టు దొరకడం కష్టం. టెస్ట్ ఇంజినీర్, సీఏఈ ట్రెయినీ లాంటి దారుల్లో లోపలికి వెళ్లాలి. వాహన కంపెనీల పరిశోధన కేంద్రాలు, హైదరాబాద్, బెంగళూరుల్లోని ఇంజినీరింగ్ సర్వీసెస్ సంస్థలు ప్రధానమైన చోట్లు. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐకాట్, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ వాహన పరీక్షా కేంద్రాలు. జనరేటర్ల కంపెనీలనూ వదలొద్దు. 1000 కేవీఏ వరకు డీజిల్ జనరేటర్లు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన 2005 నుంచి ఉంది, కాబట్టి వాళ్లకు ఈ పని తప్పనిసరి. ప్రభుత్వ రంగంలో మెదక్ ఫ్యాక్టరీని నడిపే ఏవీఎన్ఎల్, విశాఖలోని డీఆర్‌డీవో ల్యాబ్ ఎన్ఎస్‌టీఎల్ నోటిఫికేషన్లపై కన్నేసి ఉంచండి. డీఆర్‌డీవో సైంటిస్ట్ పోస్టులకు గేట్ స్కోరు ముఖ్యం.

ఇది మెకానికల్ వాళ్లకే పరిమితం అనుకోవద్దు. సిగ్నల్ ప్రాసెసింగ్ ఈసీఈ వాళ్ల సొత్తు. శబ్దం విని లోపం పసిగట్టే ప్రోగ్రామ్ సీఎస్ఈ వాళ్లు రాయొచ్చు. టిల్లర్ డ్రైవర్ ఇబ్బంది అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ వాళ్లకే బాగా తెలుసు. ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఈ పని పోతుందా? పోదు. ఇంజిన్ మోత తగ్గేసరికి అంతవరకు దాని చాటున దాగిన గేర్లు, మోటార్లు, టైర్ల రొద బయటపడుతోంది.

చదువుకోవడానికి ఎన్‌పీటెల్‌లో అకౌస్టిక్స్, నాయిస్ కంట్రోల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. మఫ్లర్ల మీద లోతుగా వెళ్లాలంటే బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ ఎం.ఎల్. ముంజల్ రాసిన 'అకౌస్టిక్స్ ఆఫ్ డక్ట్స్ అండ్ మఫ్లర్స్' పుస్తకం లైబ్రరీలో అడగండి. కాలేజీలో బాజా ఎస్ఏఈ ఇండియా టీమ్ ఉంటే చేరండి. అక్కడ ఇచ్చిన ఇంజిన్ లోపల మార్పులు చేయనివ్వరు. కాబట్టి మౌంట్లు, కంపనాల మీద దృష్టి పెట్టే బాధ్యత మీరు అడిగి తీసుకోండి.

రెజ్యూమెలో 'నాయిస్ కంట్రోల్‌పై ఆసక్తి' అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. దాని బదులు 'సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజిన్‌కు మూడు వైపులా శబ్దం కొలిచాను, పెద్ద మూలం ఏదో స్పెక్ట్రమ్‌తో గుర్తించాను, తగ్గించే మార్గాన్ని బరువు, వేడి లెక్కలతో ప్రతిపాదించాను' అని రాయండి. ఇంటర్వ్యూ చేసేవారు తర్వాతి ప్రశ్న దాని మీదే అడుగుతారు. జవాబు మీ నోట్‌బుక్‌లో సిద్ధంగా ఉంటుంది. సెమిస్టర్ సెలవుల్లో రెండు వారాలు కేటాయిస్తే ఈ పని పూర్తవుతుంది.