రాఫెల్స్ ప్లేస్‌లో ఆకుకూరల వెదుకులాట

వేసవి సెలవులన్న మాట మన యిండ్లలో నేటికిని వినవచ్చుచున్నది గాని, భూమధ్యరేఖ చెంతనున్న యీ ద్వీపమునకు వేరే వేసవి లేదు. జూను నెలలో బడులు మూయుటయే మన వేసవి. ఆ దినములలో పిల్లలను దూరదేశములకు గొనిపోవు కుటుంబములు పెక్కు. ఈ యేడు మేము ఊరు దాటకయే పర్యటన సాగించితిమి. జొహోరు రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మా అమ్మమ్మయు, తోట యన్న నెరుగని మా పిల్లలును వెంట రాగా, ఒకనాటి ఉదయమున రాఫెల్స్ ప్లేస్ స్టేషనులో దిగితిమి.

బ్యాంకుల నడుమ తోటలేమిటని పాఠకులు నవ్వవచ్చును. ఈ చోట పూర్వమొక గుట్ట యుండెడిది. రాఫెల్స్ దొర ఆ గుట్టను త్రవ్వించి, ఆ మన్నుతో నదికి దక్షిణపు గట్టున నున్న బురదనేలను పూడ్పించెను. అట్లేర్పడిన మైదానమునకు మొదట కమర్షియల్ స్క్వేర్ అని పేరు. 1858లో అది రాఫెల్స్ ప్లేస్ అయినది. అనగా ఇచ్చటి నేలయే మానవుడు చేసికొనినది.

అచ్చటికి సమీపముననే మార్కెట్ వీధిలో క్యాపిటాస్ప్రింగ్ అను 51 అంతస్తుల భవనము గలదు. ఎత్తు 280 మీటర్లు. దాని పైకప్పున 150కి పైగా తినదగిన మొక్కల జాతులతో ఒక తోటను పెంచుచున్నారు. అందలి పంట ఆ భవనములోని భోజనశాలలకు పోవును. తోట తెరచు వేళలను ముందుగా తెలిసికొని పోవుట మేలు. మన ద్వీపము తన ఆహారములో నూటికి 90 పాళ్లకు మించి బయటినుండియే తెప్పించుకొనుచున్నది. కూర యనగా సంచిలో వచ్చునదే యని తలచిన మా పిల్లలు, ఆకాశమున మడులు చూచి నివ్వెరపోయిరి. అమ్మమ్మ మాత్రము వంగి మన్ను వ్రేళ్లతో నలిపి, "ఇంత మట్టి ఇంత ఎత్తుకు ఎట్లా మోశారో!" అనెను.

అచ్చటినుండి నది దాటి ఫోర్ట్ కానింగ్ కొండ యెక్కితిమి. 1822లో రాఫెల్స్ దొర ఈ కొండపై జాజికాయ, లవంగము మొదలగు మొక్కలతో ఒక వృక్షోద్యానము నెలకొల్పెను. 1829లో అది మూతపడినది. దాని జ్ఞాపకార్థముగా నేడచ్చట సుగంధద్రవ్యముల తోట యొకటి కలదు. ఆ దొర కాలము గడచిన పిదప జాజికాయ తోటలు నేటి ఆర్చర్డ్ రోడ్డు ప్రాంతమున విస్తరించి, 1850ల చివర తెగులు సోకి నశించినవి. ఆ వీధికి తోటల పేరు మాత్రము మిగిలినది.

1859లో వేరొకచోట నెలకొనిన నేటి వృక్షోద్యానమునకు 1877లో ఇంగ్లండులోని క్యూ తోటనుండి 22 రబ్బరు మొక్కలు వచ్చినవి. 1888లో అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ పాలు గీయు పద్ధతిని రూపొందించెను. ఆ మొక్కలే రాకున్న విశాఖ, గోదావరి మండలములను విడిచి మన పూర్వులలో ఎందరు ఓడ యెక్కియుందురు? పిల్లలు ఈ మాట విని అమ్మమ్మ ముఖము చూచిరి.

ఆమె అప్పుడు తోటలోని లైను ఇండ్ల ముచ్చట యెత్తెను. కూలి చాలని దినములలో కాలువగట్లపై మొలచిన పొన్నగంటి కూరయే పప్పులో పడెడిదట. 1942 నుండి 1945 వరకు జపాను వారి యేలుబడిలో బియ్యము కరవై, కర్రపెండలముతో కడుపు నింపుకొనిన సంగతి ఆమె తన తల్లివలన వినినది.

కొండ దిగువ గడ్డిలో ఆమె హఠాత్తుగా నిలిచెను. గుండ్రని చిన్న ఆకులు నేలను ప్రాకుచున్నవి. "సరస్వతి ఆకు! పచ్చడికి ఎంత బాగుంటుందో!" అని చేయి చాచెను. మలయావారు దీనినే పెగగా యని పచ్చిగనే అన్నములో నంజుకొందురు. మా పెద్దపిల్లవాడు, "కోయకూడదు తాతమ్మా, తప్పు!" అనెను. ఉద్యానములలో అనుమతి లేక ఆకైనను కోయుట చట్టవిరుద్ధమే. ఆమె చేయి వెనుకకు తీసికొని క్షణమాగి, "కోయవద్దులేరా. చూసి పెట్టుకో. రేపు నేను లేనప్పుడు ఇది కలుపుమొక్క అనుకుంటావు" అనెను. వాడు వంగి చాలసేపు చూచెను. ఆ రాత్రి తన పుస్తకములో ఆ ఆకు బొమ్మ గీసి తెలుగులో పేరు వ్రాసికొనెను, రెండక్షరములు తప్పు.

పాఠక సోదరీసోదరులారా, ఆకులు మనలను విడిచిపోలేదు. వానిని గుర్తించు కన్నులే తరుగుచున్నవి. తెలియని మొక్కను నోట పెట్టుకొనవలదు. ఒకదానిని పోలినది మరియొకటి యుండును. కాని ఇంట పెద్దలున్నవారు వారి నడుగుడు. వసారాలో ఒక కుండీ చాలును. 2005లో ఆరంభమైన సామాజికోద్యాన పథకము వలన మన నివాసముల చెంతనే ఇరుగుపొరుగు కలిసి సాగుచేయు మడులును గలవు. ఆదివారము పూజకు వచ్చునప్పుడు ఇంటికొక మొక్క తెచ్చి, దాని తెలుగు పేరు పిల్లలచే చెప్పింపుడు. సరస్వతి ఆకు కుండీతో మేము ముందుగా వచ్చెదము.