కిట్టులో పుట్టిన సింథసైజర్

1970లో మార్కెట్‌లోకి వచ్చిన మినీమూగ్ సింథసైజర్ ధర దాదాపు 1,500 డాలర్లు. సంగీతం మీద ఆశ తప్ప చేతిలో డబ్బు లేని కుర్రకారుకు అది అందని ద్రాక్షే. అయితే దాన్ని తెచ్చిన సంస్థ స్థాపకుడు రాబర్ట్ మూగ్ కూడా సొంతంగా వాద్యాలు తయారుచేసుకుంటూ పైకొచ్చినవాడే. పత్రికల్లో పడ్డ సర్క్యూట్లు చూసి చిన్నవయసులోనే థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం తయారుచేశాడు. 1961లో ట్రాన్సిస్టర్ థెరమిన్ సర్క్యూట్‌ను తానే పత్రికలో ప్రచురించి, విడిభాగాల కిట్టును 50 డాలర్లలోపే అమ్మాడు. తొలి సింథసైజర్ నమూనాను స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి 1964లో తయారుచేశాడు.

1970లలో ఆ ఆనవాయితీని ఇతరులు అందుకున్నారు. అమెరికాలో పయా సంస్థ సింథసైజర్ కిట్లు అమ్మింది. బ్రిటన్‌లో టిమ్ ఓర్ రూపొందించిన ట్రాన్సెండెంట్ 2000 సర్క్యూట్‌ను 1978లో ఒక ఎలక్ట్రానిక్స్ పత్రిక వివరంగా అచ్చువేసింది. జాయ్ డివిజన్ బృంద సభ్యుడు బెర్నార్డ్ సమ్నర్ ఆ కిట్టు తెచ్చుకుని, తన సింథసైజర్‌ను తానే బిగించుకున్నాడు.

ఇప్పుడు ఆ పని ఇంకా చవక. ఇంజినీరు హాన్స్ కామెన్‌జిండ్ రూపకల్పన చేసిన 555 టైమర్ చిప్ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. దానికి 9 వోల్టుల బ్యాటరీ, రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ కలిపితే చాలు. కెపాసిటర్ చార్జ్ అవుతూ 6 వోల్టులకు చేరగానే చిప్ దాన్ని డిశ్చార్జ్ చేస్తుంది. 3 వోల్టులకు దిగగానే మళ్లీ చార్జ్ కానిస్తుంది. ఇలా సెకనుకు 440 సార్లు జరిగితే, వాద్యబృందాలు శ్రుతి చూసుకునే స్వరమే దానికి తగిలించిన స్పీకర్‌లో పలుకుతుంది. ఒక రెసిస్టర్ స్థానంలో తిప్పే నాబ్ పెడితే స్వరం మన వేళ్ల అదుపులోకి వస్తుంది.

రెండు 555లు జతచేసి ఎలక్ట్రానిక్స్ రచయిత ఫారెస్ట్ మిమ్స్ ఇచ్చిన సర్క్యూట్ మరీ ముచ్చటైనది. మొదటి చిప్ పంపే ప్రతి సంకేతానికీ రెండోది ఒక పల్స్ ఇస్తుంది. ఆ పల్స్ ముగిసేదాకా కొత్త సంకేతాలను పట్టించుకోదు. అందుకే నాబ్ తిప్పుతుంటే స్వరం జారకుండా మెట్లుమెట్లుగా దూకుతుంది. అటారి పంక్ కన్సోల్ అని పిలిచేది దీన్నే.

చవకలో దొరకనిది శ్రుతిశుద్ధి. మూగ్ పద్ధతిలో వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి, అంటే సరిగ్గా రెట్టింపు పౌనఃపున్యానికి చేరాలి. ఆ రెట్టింపు లెక్క ట్రాన్సిస్టర్ స్వభావంలోనే ఉంది: గది ఉష్ణోగ్రతలో బేస్ దగ్గర సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెండింతలవుతుంది, కాబట్టి ఆ ఒక వోల్టును అంతకు కుదించి బేస్‌కు ఇస్తారు. కానీ వేడి మారితే అదే వోల్టేజి దగ్గర కూడా కరెంటు మారి శ్రుతి తప్పుతుంది. అందుకే ఒకే గుణం గల రెండు ట్రాన్సిస్టర్లను ఏరి, ఒకదానికొకటి ఆనించి బిగిస్తారు.

కాబట్టి మొదటే కీబోర్డు, అందమైన పెట్టె కోసం ఖర్చు పెట్టకండి. బ్రెడ్‌బోర్డు మీద ఒక 555ను పలికించండి, తర్వాత రెండోది జోడించండి, ఆ తర్వాత ఫిల్టర్ కట్టండి. ఒక్కో దశలో చెవికి వినిపించిన మార్పు ఏ భాగం వల్ల వచ్చిందో తెలుస్తుంది. ఎన్ని వేలు పోసి కొన్నా పెట్టె మూత తెరవనిదే ఆ జ్ఞానం రాదు.