లోపలే జత నిరోధకాలున్న ఆప్-ఆంప్‌లు

ఆప్-ఆంప్‌ను విలోమ వర్ధకంగానూ, అవిలోమ వర్ధకంగానూ వాడటం గత భాగాల్లో చదివారు. ఆ వలయాల్లో నిరోధకం విలువ ఒక శాతం అటూ ఇటూ అయితే లాభం కూడా దాదాపు అంతే మారుతుంది. అంతకు మించిన నష్టం లేదు. రెండు వోల్టేజిల తేడాను వృద్ధి చేసే భేదాత్మక వర్ధకంలో మాత్రం అదే ఒక్క శాతం, మనం కొలవదలచిన సంకేతాన్నే ముంచేయగలదు. ఎలాగో ఒక లెక్క చేసి చూద్దాం.

ఎలక్ట్రానిక్ కాటా పళ్ళెం కింద లోడ్ సెల్ ఉంటుంది. అందులో సాధారణంగా 350 ఓమ్‌ల స్ట్రెయిన్ గేజ్‌లు నాలుగు, వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలిపి ఉంటాయి. బ్రిడ్జికి 5 వోల్టులు ఇచ్చామనుకోండి. వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇచ్చే సెల్ అయితే, పూర్తి బరువు పెట్టినప్పుడు రెండు నిర్గమ తీగల మధ్య వచ్చే తేడా 10 మిల్లీవోల్టులు మాత్రమే. కాని ఆ రెండు తీగలూ భూమితో పోలిస్తే 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. ఈ 2.5 వోల్టులు ఉమ్మడి రీతి వోల్టేజి. వర్ధకం దీన్ని పూర్తిగా వదిలేసి 10 మిల్లీవోల్టులనే పట్టుకోవాలి.

కాగితం మీద వలయం గీసుకోండి. మొదటి తీగ నుంచి విలోమ నివేశానికి ఆర్1, నిర్గమం నుంచి విలోమ నివేశానికి ఆర్2, రెండో తీగ నుంచి అవిలోమ నివేశానికి ఆర్3, అక్కడి నుంచి భూమికి ఆర్4. నాలుగూ 10 కిలోఓమ్‌లైతే లాభం 1. ఆర్2/ఆర్1, ఆర్4/ఆర్3 నిష్పత్తులు సరిగ్గా సమానమైతే ఉమ్మడి వోల్టేజికి నిర్గమం సున్నా.

ఇప్పుడు ఒక శాతం టాలరెన్స్ ఉన్న నిరోధకాలు వాడి, అవి మనకు పూర్తిగా ప్రతికూలంగా పడ్డాయనుకుందాం. ఆర్1, ఆర్4 విలువ 9.9 కిలోఓమ్‌లు, ఆర్2, ఆర్3 విలువ 10.1. రెండు తీగలకూ 2.5 వోల్టులే ఇస్తే అవిలోమ నివేశం వద్ద 2.5 × 9.9/20 = 1.2375 వోల్టులు ఉంటుంది. ఆప్-ఆంప్ విలోమ నివేశాన్నీ అక్కడే నిలుపుతుంది. ఆర్1 మీద పడే 1.2625 వోల్టులను 10.1/9.9తో గుణిస్తే ఆర్2 మీద 1.288 వోల్టులు. కాబట్టి నిర్గమం 1.2375 − 1.288, అంటే సుమారు −50 మిల్లీవోల్టులు. కాటా మీద ఏమీ పెట్టకుండానే, పూర్తి బరువు సంకేతానికి ఐదు రెట్ల దోషం!

ఇందులో ఆప్-ఆంప్ తప్పు ఏమీ లేదని గమనించండి. లెక్కలో దాన్ని ఆదర్శ ఆప్-ఆంప్‌గానే తీసుకున్నాం. ఎంత ఖరీదైనది తెచ్చి పెట్టినా జవాబు మారదు. ఇలాంటి అతి ప్రతికూల సందర్భంలో ఉమ్మడి రీతి తిరస్కార నిష్పత్తి, లాభానికి 1 కలిపి, టాలరెన్స్‌కు నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చేది. ఒక శాతానికి ఇది 2/0.04 = 50, అంటే 34 డెసిబెల్‌లు. 0.1 శాతం నిరోధకాలకు 54, 0.01 శాతానికి 74.

‘ఖాళీ కాటాలో వచ్చే దోషాన్ని టేర్ బటన్ నొక్కి తీసేయవచ్చు కదా’ అని మీరు అడగవచ్చు. లేదా ఆర్4తో శ్రేణిలో చిన్న పొటెన్షియోమీటర్ పెట్టి సవరించవచ్చు. ప్రయోగశాలలో ఆ గంటసేపటికి రెండూ పనిచేస్తాయి. ఆ తరువాత ఉష్ణోగ్రత మారుతుంది. డిగ్రీకి మిలియన్‌లో 50 భాగాలు మారే రెండు నిరోధకాలు ఎదురెదురు దిశల్లో మారితే, ఉదయం 20 డిగ్రీల నుంచి మధ్యాహ్నం 40 డిగ్రీలకు వాటి నిష్పత్తి 0.2 శాతం జరుగుతుంది. 2.5 వోల్టుల మీద ఇది 2.5 మిల్లీవోల్టుల దోషం. 50 కిలోల కాటా అయితే 12.5 కిలోలు. (నిజమైన కాటాలో ఈ వలయం ఒక్కటే ఉండదు, లెక్క స్పష్టంగా కనబడాలని ఇలా తీసుకున్నాం.) ఇక తీగలు పట్టుకునే 50 హెర్ట్‌జ్ గుర్ర్ శబ్దాన్ని టేర్ బటన్ ఎలాగూ తీయలేదు.

నిరోధకాలను కూడా చిప్ లోపలే చేర్చడం ఇందుకే. ఒకే సిలికాన్ ముక్క మీద పక్కపక్కన పలుచని పొరగా వేసిన నిరోధకాలు ఒకే వేడిలో ఉంటాయి, మారినా కలిసే మారతాయి. తయారీలోనే లేజర్‌తో కొద్దికొద్దిగా కోసి నిష్పత్తిని సరిచేస్తారు. అమెరికాలోని టూసాన్‌కు చెందిన బర్-బ్రౌన్ సంస్థ తెచ్చిన ఐఎన్ఏ105లో 25 కిలోఓమ్‌ల నిరోధకాలు నాలుగు ఉంటాయి. దీని మేలు రకాల్లో తిరస్కారం కనీసం 86 డెసిబెల్‌లు, అంటే 20,000. మన 2.5 వోల్టుల దోషం ఇప్పుడు 0.125 మిల్లీవోల్టులకు దిగింది.

ఎల్‌టీ1991 మరింత ముచ్చటైన చిప్. ఇందులో రెండు నివేశాలకూ 450, 150, 50 కిలోఓమ్‌ల నిరోధకాలు ఉంటాయి. పునర్నివేశ నిరోధకం 450. కనుక అవి ఇచ్చే లాభాలు 1, 3, 9. తక్కెడలో 1, 3, 9 కిలోల రాళ్ళను రెండు పళ్ళేల్లోనూ వాడి 1 నుంచి 13 కిలోల దాకా తూచే పాత లెక్క గుర్తుందా? ఇక్కడా అదే. లాభం 2 కావాలంటే, 3 ఇచ్చే పిన్నులను మామూలుగా, 1 ఇచ్చే పిన్నులను తారుమారుగా కలపాలి. బయట ఒక్క నిరోధకం కూడా అవసరం లేదు.

ఒక జాగ్రత్త. చిప్‌లో ఖచ్చితమైనది నిష్పత్తే, విలువ కాదు. 25 కిలోఓమ్‌లు అని రాసినది 20 కావచ్చు, 30 కావచ్చు. కాకపోతే నాలుగూ అంతే ఉంటాయి. లాభం సగం చేద్దామని ఐఎన్ఏ105 నివేశాలకు బయట 25 కిలోఓమ్‌లు శ్రేణిలో చేరిస్తే, వచ్చే లాభం 0.44 నుంచి 0.55 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. తీగ నిరోధం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక తీగలో మాత్రమే 5 ఓమ్‌లు ఎక్కువైతే, అది 25,000లో 0.02 శాతం, అదొక్కటే తిరస్కారాన్ని 80 డెసిబెల్‌లకు పరిమితం చేస్తుంది. రెండు తీగల్లోనూ సమానంగా ఉంటే ఈ నష్టం రాదు. అందుకే మన బ్రిడ్జి ఇరువైపులా చేర్చే 175 ఓమ్‌లు లాభాన్ని కొంచెం తగ్గిస్తాయి తప్ప సమతుల్యతను చెడగొట్టవు. మూలం నిరోధం ఎక్కువగా ఉన్నా, రెండు వైపులా అసమానంగా ఉన్నా, ముందు బఫర్‌లు పెట్టక తప్పదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ఎల్‌టీ1991తో లాభం 7 రావాలంటే ఏ పిన్నులను మామూలుగా, వేటిని తారుమారుగా కలపాలి? వలయం గీసి, రెండు నివేశాల వద్ద వోల్టేజిలను సమానం చేసి మీ జవాబును నిరూపించండి.