పాత వ్యాను – పెట్రోలు ఖర్చు

మారుతీ వ్యాను మన దేశంలో 1984లో వచ్చింది. తర్వాత దానికి ఓమ్ని అని పేరు పెట్టారు. 2019లో తయారీ ఆపేశారు. అయినా పాత బండ్లు ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. పెళ్లికైనా, తిరునాళ్లకైనా, ఆసుపత్రికైనా ఇంటిల్లిపాదీ అందులోనే ఎక్కుతారు. అయితే పాతబడే కొద్దీ బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. "ఇంజను పోయింది" అంటారు. చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు.

ముందు లెక్క తెలియాలి. టాంకు నిండా పెట్రోలు పోయించాలి. మీటరులోని అంకె కాగితం మీద రాసుకోవాలి. కొన్నాళ్లు తిరిగాక, అదే బంకులో మళ్లీ నిండా పోయించాలి. ఎన్ని లీటర్లు పట్టిందో రాయాలి. మీటరు కొత్త అంకెలో నుంచి పాత అంకె తీసివేయాలి. 280 కిలోమీటర్లు తిరిగింది, 20 లీటర్లు పట్టింది అనుకుందాం. 280ని 20తో భాగిస్తే 14. అంటే లీటరుకు 14 కిలోమీటర్లు. ఇంట్లో కూడిక, తీసివేత, భాగహారం వచ్చినవాళ్లు ఎవరైనా ఈ లెక్క వేయవచ్చు. ఒకరి మాట మీద ఆధారపడక్కర్లేదు.

ఇప్పుడు టైర్లు చూద్దాం. గాలి తక్కువైతే టైరు నేలకు అతుక్కుపోయినట్టు దొర్లుతుంది. గాలి తగ్గిన సైకిలు తొక్కినవాళ్లకు ఆ కష్టం తెలుసు. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోవాలి.

బ్రేకు పట్టేయడం పెద్ద దొంగ. పైకి కనిపించదు. కాలు తీసినా బ్రేకు పూర్తిగా వదలదు. ఇంజను ఒకవైపు లాగుతుంటే బ్రేకు ఇంకోవైపు ఆపుతుంది. బండి దిగాక ఒక్క చక్రం దగ్గరే వేడి సెగ కొడుతుంటే అనుమానించాలి. మెకానిక్కు చక్రం పైకి లేపి చేత్తో తిప్పి చూస్తాడు. తేలిగ్గా తిరగకపోతే బాగు చేయించాలి.

కార్బురేటరు బండి అయితే చోకు మరవకూడదు. పొద్దున లాగి, తర్వాత లోపలికి నెట్టకపోతే పెట్రోలు వృథా అవుతుంది. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా అంతే. నల్ల పొగ వస్తుంది.

వ్యాను ముఖం డబ్బాలాగా ఉంటుంది. గాలి ఎదురు తంతుంది. 50 కిలోమీటర్ల వేగం కంటే 80లో గాలి అడ్డం రెండున్నర రెట్లు ఉంటుంది. సామాను లేనప్పుడు పైన క్యారియరు కూడా తీసేయడం మంచిది. పల్లంలో ఇంజను ఆపేసి దొర్లించడం మాత్రం పొదుపు కాదు. బ్రేకు సరిగా పట్టదు. ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో పాడు అలవాటు ఉంది. కొందరు వంట గ్యాసు బండకు పైపు తగిలించి వ్యాను నడుపుతారు. ఇది నేరం. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. వంట గ్యాసు గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, కిందనే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పైన కూర్చున్నది పిల్లలు. గ్యాసుతో నడపాలనుకుంటే బండ్ల కోసమే చేసిన టాంకు, కిట్టు పెట్టించుకోవాలి. రవాణా ఆఫీసులో చూపించి ఆర్.సి.లో రాయించుకోవాలి.