తుంగ గడ్డ లాంటి జబ్బు

దివిసీమలో కలుపుకి వెళ్ళే ఆడవాళ్ళకు తుంగ సంగతి తెలుసు. పైన గడ్డి పీకితే చేను శుభ్రంగా కనిపిస్తుంది. మట్టిలో ఒక్క గడ్డ మిగిలినా చాలు. మళ్ళీ మొలుస్తుంది. మూత్రపు సంచికి వచ్చే కేన్సరు కూడా అలాంటిదే.

ఈ జబ్బు ఎందుకు వస్తుంది? పెద్ద కారణం పొగాకు. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగితే ఆ విషం రక్తంలో కలుస్తుంది. మూత్రపిండాలు రక్తాన్ని వడగడతాయి. విషం మూత్రంతో పాటు సంచిలోకి చేరుతుంది. సంచి లోపలి పొరను పాడుచేస్తుంది.

మొదటి గుర్తు ఏమిటి? మూత్రంలో రక్తం. చాలామందికి నొప్పి ఉండదు. ఒకరోజు కనిపించి ఆగిపోవచ్చు. వేడి చేసిందని బార్లీ నీళ్ళు తాగి ఊరుకుంటారు. ఆడవాళ్ళయితే బహిష్టు అనుకుంటారు. అది పొరపాటు. ఒక్కసారి కనిపించినా డాక్టరుకు చూపించాలి.

డాక్టరు మూత్రం వచ్చే దారిలో సన్నని గొట్టం పంపి లోపల చూస్తారు. కణితి చిన్నదైతే ఆ దారినే తీసేస్తారు. పైకి కోత కనిపించదు. జబ్బు ముదిరితే సంచినే తీసేయాల్సి రావచ్చు.

ఆపరేషను అయింది. ఇంటాయన కులాసాగా తిరుగుతున్నాడు. ఇంక గుడివాడకో బందరుకో బస్సు ఛార్జీలు దండగ అనిపిస్తుంది. మోసం ఇక్కడే ఉంది. ఇది తిరగబెట్టే జబ్బు. ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలో తిరగబెడుతుంది. కాలవ నీరు కలుపు గింజను చివరి చేల దాకా మోస్తుంది కదా! రక్తం కూడా కేన్సరు కణాలను అలాగే మోస్తుంది. ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు జబ్బు పాకుతుంది. అరుదుగా అయిదేళ్ళు, పదేళ్ళు దాటాక కూడా ఇది బయటపడుతుంది.

అందుకే తగ్గని దగ్గు, ఎముకల నొప్పి వస్తే పాత ఆపరేషను సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. చెప్పకపోతే పొలం పని వల్ల వచ్చిన నొప్పి అనుకునే ప్రమాదం ఉంది.

పాకిన జబ్బుకూ మందులున్నాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనశాలలోనే అది తయారైంది. అయితే జబ్బును ముందుగా పట్టుకుంటేనే మందుకు బలం.

మరి ఏం చేయాలి? పొగాకు పూర్తిగా మానాలి. ఆపరేషను అయిన మూడు నెలలకు మొదటి పరీక్ష చేయించాలి. తర్వాత డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్ళాలి. ఏళ్ళ తరబడి వెళ్ళాలి. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ముందు అక్కడ అడగవచ్చు.

ఆసుపత్రి కాగితాలు పారేయకండి. మళ్ళీ ఎప్పుడు రావాలో వాటి మీద రాసి ఉంటుంది. ఇదివరకు ఆ తేదీ ఎవరో చదివి చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు మీరే చదవగలరు. ఇంటాయన వద్దన్నా తేదీ చూపించండి. బస్సెక్కించండి.